పదో రోజున తెలిసే సంగతి

వానాకాలం పొద్దు. రామగుండం దాటి అంతర్గాం వైపు పోతుంటే ఎన్టీపీసీ పొగగొట్టాలు ఎంతకీ వెనకబడవు. ఏ మలుపు తిరిగినా అవే! వాటికి ఇటు పక్క బురద మడిలో ఓ మనిషి వింత బండినొకదాన్ని లాగుతుంటాడు. రెండు చివర్లా రెండు చక్రాలు. మధ్యలో ఒకే కడ్డీకి గుచ్చిన నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ములు. లాగుతున్నకొద్దీ గరగరమంటూ దొర్లుతాయి. వెనకే ఇల్లాలు. చేతిలో పనిముట్టేమీ ఉండదు. చూసేవాళ్లకు ఊరికే తోడు నడుస్తున్నట్టే ఉంటుంది. కానీ పది పదిహేను అడుగులకోసారి వంగి బురద వంక చూస్తుంది. ఉన్నట్టుండి కేకేస్తుంది.

"ఆగయ్యా! మూడో డ్రమ్ముల గింజ పడుతలేదు!"

ఆయన ఆగుతాడు. చెవి మీద దోపుకున్న చీపురుపుల్ల తీసి రంధ్రాల్లో పొడుస్తాడు. అడ్డుపడిన మొలక ఊడి పడుతుంది. మళ్లీ లాగుడు. అంతే... అంత చిన్న పని. ఆ కేక లేకపోతే మాత్రం మడిలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వరస ఖాళీగా మిగిలేది. ఆ సంగతి పదో రోజుకు గానీ తెలిసేది కాదు.

విత్తడంలో ఉన్న చిక్కంతా ఇదే. దున్నితే దున్నిన జాడ కనపడుతుంది. కోస్తే కోసిన చేను కనపడుతుంది. విత్తింది మాత్రం కనపడదు. యంత్రం సరిగ్గా పనిచేసిందో లేదో ఆ రోజు ఎవరూ చెప్పలేరు. భూమి చెప్పాలి. భూమి చెప్పేసరికి కార్తె దాటిపోతుంది. కొత్త యంత్రంతోనే ఇంత భయం ఉంటే, నాలుగు చేతులు మారిన పాత యంత్రం సంగతి చెప్పేదేముంది?

నిలబడి ముసలిదయ్యే యంత్రం

బొగ్గు బెల్టులో వరి నాట్లకు కైకిలి మనుషులు దొరకడం ఎప్పుడూ కష్టమే. ఓపెన్‌కాస్టుల్లో కాంట్రాక్టు పని, పవర్‌హౌస్‌లో కాంట్రాక్టు పని, పట్నంలో కట్టుబడి పని... నెల తిరిగేసరికి చేతిలో డబ్బు పడే పనులు పక్కనే ఉంటే, మోకాలి లోతు బురదలో నడుం వంచడానికి ఎవరొస్తారు? అందుకే కొన్నేళ్లుగా నాట్ల సమయానికి బీహార్, పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు దిగుతున్నాయి. వాళ్లు వేగంగా నాటుతారు, సందేహం లేదు. కానీ ఒక్క ముఠా పది ఊళ్లకు మాట ఇస్తుంది. మన వంతు వచ్చేసరికి నారు ముదురుతుంది.

రైతు సొంతంగా దిగుదామంటే ఆయనకూ తీరిక ఉండదు. ఇక్కడి రైతుల్లో చాలామంది సగం రైతులు, సగం కార్మికులు. నైట్ షిఫ్టు దిగి అటునుంచి అటే పొలానికొచ్చేవాళ్లు, మొదటి షిఫ్టు ముగించుకుని మాపటేళ మందు చల్లుకునేవాళ్లు, నాట్ల రోజుల్లో బాయికి నాగా పెట్టేవాళ్లు గోదావరిఖని చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఇలాంటి ఇంట్లో ఇద్దరే మనుషులు ఒక పూటలో ఎకరం విత్తేయగలిగే సాధనం ఉంటే అంతకంటే ఏం కావాలి? నారు పోయడం, పీకడం, మోయడం, నాటడం... నాలుగు పనులు పోతాయి. 2021 వానాకాలంలో రాష్ట్ర ప్రభుత్వమే వరిని నేరుగా వెదజల్లమని గట్టిగా ప్రచారం చేసింది. అంతకు చాలా ముందే, ఉమ్మడి రాష్ట్రంలోనే, డ్రమ్ సీడర్లు ఊళ్లకు వచ్చాయి. కొన్ని నిలిచాయి. కొన్ని పశువుల కొట్టం అటకెక్కాయి.

డ్రమ్ సీడర్ ఒక్కటే కాదు. మక్క చేలల్లో, పొడి దుక్కిలో వడ్లు వేసేచోట ట్రాక్టర్ వెనక తగిలించే సీడ్ డ్రిల్లూ ఉంది. పైన ఇనుప పెట్టె, దాని కింద గాళ్లు తీసిన చిన్న రోలర్లు, వాటి నుంచి నాగళ్ల దాకా వేలాడే ప్లాస్టిక్ గొట్టాలు. నేల మీద దొర్లే చక్రం గొలుసు ద్వారా రోలర్లను తిప్పుతుంది. బండి నడిస్తే గింజ పడుతుంది, ఆగితే ఆగిపోతుంది. చాలావరకు ఇవి కిరాయికి తిరిగేవే. వాటిలో పాతవే ఎక్కువ.

పాతవి ఎందుకంటే... ఏడాదిలో విత్తే రోజులు ఎన్ని? మహా అయితే పదిహేను. మిగిలిన మూడు వందల యాభై రోజులు అది మూలన పడి ఉండాల్సిందే. అందుకే కొత్తది కొనడానికి ఎవరికీ మనసొప్పదు. ట్రాక్టర్ నడిచి అరిగిపోతుంది. సీడర్ అలాకాదు, నిలబడి ముసలిదవుతుంది! పెట్టెలో మిగిలిన గుప్పెడు డీఏపీ చెమ్మ పీల్చి ఇనుమును తింటుంది. గొట్టాలు ఎండకు బిరుసెక్కి పగుళ్లిస్తాయి. కందిరీగలు మట్టి గూళ్లు కడతాయి. ఎలుకలు కాపురం పెడతాయి. మిరుగం రాగానే రైతు దాన్ని బయటకు లాగి, దుమ్ము దులిపి, ట్రాక్టర్‌కు తగిలించి బయల్దేరతాడు. గొట్టంలో గూడు ఉన్న సంగతి గూటికీ కందిరీగకూ తప్ప ఎవరికీ తెలియదు.

జడ్డిగం మీద చెయ్యి

ఇంతకీ ఈ గొట్టాల కథ ట్రాక్టర్‌తో మొదలవలేదు. ఎడ్ల గొర్రు గుర్తున్నవాళ్లకు జడ్డిగమూ గుర్తుంటుంది. గొర్రు పైన కొయ్యతో చేసిన చిన్న గిన్నె, దాని అడుగున రంధ్రాలు, ఒక్కో రంధ్రం నుంచి ఒక్కో వెదురు గొట్టం. మగమనిషి ఎడ్లను తోలితే, ఆడమనిషి ఒళ్లో విత్తనం కట్టుకుని పక్కనే నడుస్తూ గుప్పిట్లోంచి జడ్డిగంలోకి గింజలు జారవిడిచేది. ఎకరాకు ఎంత పడాలో ఆమె వేళ్లకు తెలుసు. కొలత డబ్బా లేదు, రోలర్ లేదు. వేళ్లే మీటరు.

ఇంకో సంగతి. గొట్టం మూసుకుపోతే ముందు తెలిసేది ఆమెకే. గింజ దిగకుండా జడ్డిగంలోనే నిలిచేది. కిందికి జారే గింజల చప్పుడు మారేది. "ఆపు" అనేది. ఒక పుల్ల, ఒక పొడుపు, మళ్లీ నడక. కంది లాంటి సాలు పంట కావాలంటే వెనక తాడుతో కట్టిన విడి గొట్టం ఉండేది. దాని వెనక ఇంకో మనిషి.

ఈ పనిముట్టును చూసి ఒక తెల్లదొర నోరెళ్లబెట్టాడు. కెప్టెన్ థామస్ హాల్కాట్ ఆయన పేరు. 1790ల్లో గుంటూరు సీమలో గుర్రం మీద పోతూ చేలో గొర్రుతో విత్తడం చూశాడు. వరసల్లో విత్తే యంత్రం ఐరోపావాళ్ల కొత్త ఆవిష్కరణ అని అప్పటిదాకా అనుకునేవాడు. అనుకోడూ మరి? ఇంగ్లండులో జెత్రో టల్ సీడ్ డ్రిల్ చేసింది 1701 ప్రాంతంలో. అక్కడి రైతులు దాన్ని ఒంటబట్టించుకోడానికి ఇంకా తంటాలు పడుతూనే ఉన్నారు. ఇక్కడేమో పల్లెటూరి వడ్రంగి చేసిన కొయ్య గొర్రుతో అదే పని సాగిపోతోంది! హాల్కాట్ ఈ సంగతులన్నీ ఉత్తరాల్లో రాసి పంపాడు. ధరంపాల్ 18వ శతాబ్దపు భారతీయ విజ్ఞానం మీద 1971లో తెచ్చిన పుస్తకంలో ఆ రాతలను చేర్చాడు కాబట్టి మనకు తెలిసింది.

జడ్డిగం స్థానంలో ఇనుప పెట్టె వచ్చింది. పని పది రెట్లు పెరిగింది. కానీ ఆ ఆడమనిషి చెయ్యి పక్కకు తప్పుకుంది. ట్రాక్టర్ మీద కూర్చున్నవాడు ముందుకు చూడాలి. వెనక తొమ్మిది గొట్టాల్లో ఏది మూసుకుందో ఇంజిన్ చప్పుడులో వినపడదు. కిరాయి ట్రాక్టర్ అయితే ఆ డ్రైవర్‌కు తర్వాతి చేను తొందర.

బొగ్గుబాయిలో గాలి, సీడర్‌లో గాలి

గింజను గాలితో పంపే యంత్రాలూ ఉన్నాయి. ఎయిర్ సీడర్ అంటారు. 1956లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఆల్బర్ట్ ఫస్ అనే ఆయన దీనికి ఆద్యుడు. ఆ తర్వాత కెనడా గోధుమ మైదానాల్లోనూ ఇదే రాజ్యమేలింది. వందల ఎకరాల చేలు, నలభై యాభై అడుగుల వెడల్పున్న యంత్రం. అంతర్గాంలో దాన్ని దించితే మలుపు తిప్పడానికే నాలుగు మడుల ఒడ్లు చెరపాలి! అందుకే అది మన దగ్గరికి రాలేదు. కానీ దాని పనితీరు గోదావరిఖనివాళ్లకు అర్థమైనంత సులువుగా ఇంకెవరికీ అర్థం కాదేమో.

బొగ్గుబాయిలో గాలి ఎలా ఆడుతుంది? పైన ఒక పెద్ద ఫ్యాను. అది లాగే గాలి లోపల ఏ దారిన పోవాలో అడ్డుగోడలు, తలుపులు నిర్ణయిస్తాయి. ఎక్కడో ఒక తలుపు సరిగ్గా మూయకపోతే గాలి అడ్డదారి పడుతుంది. చివర పని చేసేవాళ్ల దగ్గరికి చేరదు. ఫ్యాను మాత్రం ఎప్పట్లాగే తిరుగుతూ ఉంటుంది! ఎయిర్ సీడర్ కూడా అంతే. ఒక పెద్ద ట్యాంకు నిండా విత్తనం. కింద కొలిచి వదిలే రోలర్. ఒక ఫ్యాను గింజలను గాలిలో తేలుస్తూ లావు గొట్టంలోకి నెడుతుంది. ఆ గొట్టం పంపిణీ తల దగ్గర పాయలు పాయలుగా చీలి ఒక్కో నాగలికి చేరుతుంది. ట్యాంకు మూత రబ్బరు అరిగి గాలి లీకైందో... పైన గాలి ఒత్తిడి తగ్గి గింజ సరిగ్గా దిగదు. ఫ్యాను నెమ్మదిస్తే గొట్టం మధ్యలో గింజ కూలబడుతుంది. వేగం మరీ పెంచితే మలుపుల్లో గొట్టం గోడలకు కొట్టుకుని గింజ పగులుతుంది, నేలలో పడ్డాక ఎగిరి పైకి తేలుతుంది.

పాత ఎయిర్ సీడర్ ఉన్న రైతుల తిప్పలు ఏ దేశంలోనైనా ఒకటే. మలుపుల దగ్గర అరిగిన గొట్టాలు, గట్టిపడిన ఎరువు ముద్దలు, ఎలుక గూళ్లు. కొత్తవాటికి గొట్టంలో గింజ పోతోందో లేదో చెప్పే సెన్సర్లు వచ్చాయి. అవి లేని పాతదానితో ఏం చేయాలి? సీజన్‌కు ముందు ఉత్త ఫ్యాను తిప్పి ప్రతి గొట్టం చివరా అరచెయ్యి పెట్టి చూసుకోవాలి. ఎక్కడ గాలి సన్నగా తగిలితే అక్కడ అడ్డు ఉన్నట్టు. మళ్లీ చెయ్యే! జడ్డిగం మీద ఉన్న చెయ్యి ఎంత దూరం వెళ్లిందో చూడండి.

గాలి సాయం మన దగ్గర బొత్తిగా లేదనుకోవద్దు. మక్క, పత్తి వేయడానికి వాక్యూమ్ ప్లాంటర్లు వచ్చాయి. వీటిలో గాలి నెట్టదు, పీలుస్తుంది. గుండ్రటి పళ్లేనికి ఉన్న ఒక్కో రంధ్రానికి ఒక్కో గింజ అతుక్కుని, కిందికి వచ్చాక రాలుతుంది. ఫ్యాను బెల్టు వదులైతే గింజ అతుక్కోదు, సందులు పడతాయి. పళ్లెం రంధ్రం గింజ సైజుకు మించితే రెండేసి పడతాయి. మక్కకు వాడిన పళ్లెం మార్చకుండా పత్తికి దిగితే ఇక చెప్పనక్కర్లేదు.

అరకిలో లెక్క

పాత సీడ్ డ్రిల్లును నమ్మొచ్చా? నమ్మొచ్చు. కాకపోతే చేలోకి దించకముందు ఇంటి ముందే అడగాలి. ఎలాగంటే...

డ్రిల్లును రాళ్ల మీద ఎత్తి, నేల చక్రం గాలిలో తిరిగేలా పెట్టాలి. చక్రం చుట్టుకొలత తాడుతో కొలవాలి. ఉదాహరణకు అది మీటరున్నర అనుకుందాం. తొమ్మిది నాగళ్లు కలిపి రెండు మీటర్ల వెడల్పు విత్తుతాయనుకుందాం. అంటే చక్రం ఒక్కసారి తిరిగితే మూడు చదరపు మీటర్లు. 34 సార్లు తిరిగితే 102. దాదాపు ఒక గుంట. ఇప్పుడు ఒక్కో గొట్టం కింద ఒక్కో ప్లాస్టిక్ సంచి కట్టి, చక్రాన్ని 34 సార్లు చేత్తో తిప్పాలి. ఎకరాకు 20 కిలోలు పడాలనుకుంటే, 40 గుంటలు కాబట్టి, అన్ని సంచుల్లో కలిపి సరిగ్గా అరకిలో రావాలి. కిరాణా కొట్టు తరాజుతో తేలిపోయే లెక్క!

అసలు గుట్టు మొత్తంలో కాదు, విడివిడి సంచుల్లో ఉంటుంది. అరకిలోను తొమ్మిదికి పంచితే ఒక్కోదాంట్లో 55 గ్రాముల దాకా ఉండాలి. ఒకదాంట్లో ఎనభై, ఇంకోదాంట్లో ముప్ఫై వస్తే? మొత్తం సరిపోయిందని మురిసిపోతే చేను చారలు చారలుగా మొలుస్తుంది. ముప్ఫై వచ్చిన చోట రోలర్ అరిగి ఉంటుంది, లేదా గొట్టం వంగి ఉంటుంది. ఇక్కడే ఈ ప్రాంతానికి ఒక అదృష్టం. బాయిల పుణ్యమా అని గోదావరిఖనిలో లేతు మెషీన్లకూ వెల్డింగ్ షాపులకూ కొదవలేదు. ఊళ్లోనే రిటైరైన ఫిట్టరో, సెలవు మీద ఉన్న వెల్డరో దొరుకుతాడు. బొగ్గు బెల్టు రోలర్ చప్పుడు మారితే చీకట్లోనే పసిగట్టిన చెవి అది. సీడ్ డ్రిల్లు గొలుసు ఎక్కడ జారుతోందో చెప్పడం దానికో లెక్క కాదు.

ఇంకో జాగ్రత్త కిరాయి డ్రైవర్‌కు ముందే చెప్పాలి. డ్రిల్లును ఆగిన చోట నేలలోకి దించకూడదు. దించి వెనక్కి పోనీయకూడదు. అలా చేస్తే నాగలి నోట్లో మట్టి దూరి గొట్టం బిగుసుకుంటుంది. బండి ముందుకు కదులుతుండగా మెల్లగా దించాలి. తొమ్మిది గొట్టాల్లో ఏడింటితో విత్తుకుపోయే డ్రిల్లులన్నీ చాలావరకు ఈ ఒక్క పొరపాటు చేసినవే. ట్రాక్టర్ వెనక ఒక మనిషి నడవాలి. మూడు గంటల నడక... కాళ్లు నొప్పులు పుడతాయి. అయినా తప్పదు.

ముక్కు పగిలితే చాలు

డ్రమ్ సీడర్‌కు వేరే చిక్కులు. దానిలో పోసేది పొడి గింజ కాదు. ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు గోనెసంచిలో మండె కట్టిన వడ్లు. ముక్కు పగిలి తెల్లగా కనిపిస్తే చాలు. నైట్ షిఫ్టు నుంచి రావడం ఆలస్యమైంది కదా, మాపటేళ విత్తుదాం అనుకుంటే ఆ పూటలోనే మొలక పొడవవుతుంది. పొడవైన మొలకలు ఒకదానికొకటి పెనవేసుకుని రంధ్రాలకు అడ్డం పడతాయి, లేదా విరిగిపోతాయి. షిఫ్టుకూ మొలకకూ పొత్తు కుదరాలి!

డ్రమ్మును నిండా పోయకూడదు. మూడింట రెండొంతులు పోస్తేనే లోపల గింజ దొర్లుతుంది. డ్రమ్ము ఖాళీ అవుతున్నకొద్దీ గింజ ఎక్కువ రాలుతుంది కాబట్టి మరీ అడుగంటేదాకా ఆగకుండా మళ్లీ పోసుకోవాలి. మడి అద్దంలా చదునుగా ఉండాలి. పల్లంలో నీళ్లు నిలిస్తే గింజ కుళ్లుతుంది, మిట్టన ఎండుతుంది. ఎనిమిది వరసల మధ్య 20 సెంటీమీటర్ల ఎడం వస్తుంది. ఎకరాకు 12 నుంచి 15 కిలోల విత్తనం చాలు. పంట వారం పది రోజులు ముందే చేతికొస్తుంది. అన్నీ బాగానే ఉన్నాయి కదా, మరి కొందరు ఒకసారి వాడి ఎందుకు మానేశారు?

కలుపు. నాటిన వరిలో మొదటి రోజు నుంచే నీళ్లు నిలుపుతారు, నీళ్లే సగం కలుపును అణుస్తాయి. విత్తిన వరిలో మొలక నిలదొక్కుకునేదాకా నీళ్లు పెట్టకూడదు. ఆ సందులో కలుపూ వరీ ఒకేసారి లేస్తాయి. విత్తిన మూడు నుంచి ఐదు రోజుల్లో పడాల్సిన మందు పడకపోతే ఆ తర్వాత కూలీ ఖర్చు నాట్ల ఖర్చును మించిపోతుంది. మూసుకున్న రంధ్రం వల్ల ఖాళీ అయిన వరస ఉందే... అది ఖాళీగా ఉండదు. గడ్డి ముందు అక్కడే లేస్తుంది. విత్తనం నష్టం పావుకిలో కూడా ఉండదు. చేను నష్టం ఆ పక్క వరసలకూ పాకుతుంది. మీదినుంచి విత్తిన రాత్రే మొగులు విరిగి కుండపోత పోసిందంటే గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి. దానికి మాత్రం ఏ యంత్రమూ బాధ్యత వహించదు. మళ్లీ మండె కట్టుకోవడమే.

ఇవన్నీ తెలిసి కూడా డ్రమ్ సీడర్‌ను వదలనివాళ్లను చూస్తే ఒకటి గమనించొచ్చు. వాళ్ల యంత్రం కొత్తదేమీ కాదు. చక్రానికి రెండు చోట్ల వెల్డింగు అతుకులు, ఒక డ్రమ్ము మూతకు సైకిల్ ట్యూబు పట్టీ. కానీ విత్తిన రోజునే దాన్ని బోరు దగ్గర కడుగుతారు. డ్రమ్ములు విప్పి నీడన ఆరబెడతారు. సీడ్ డ్రిల్లు ఉన్నవాళ్లయితే పెట్టె పూర్తిగా ఖాళీ చేసి, గొట్టాలు ఊడదీసి, చివర్లకు గుడ్డ కట్టి ఇంట్లో దూలానికి వేలాడదీస్తారు. కందిరీగకు వేరే ఇల్లు వెతుక్కోక తప్పదు.

పదో రోజు పొద్దున ఆయన మొదటి షిఫ్టుకు పోతూ సైకిల్ మోటారు ఆపి ఒడ్డెక్కుతాడు. పచ్చగా వరసలు. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి విరామం. నడుమ ఒక చోట మాత్రం నలభై అడుగుల పొడవునా ఒక వరస లేదు. ఆ రోజు కేక పడకముందు జరిగిపోయిన దూరం. మాపటికి ఇద్దరూ వస్తారు. ఒడ్డు పక్కన ఒత్తుగా పడ్డ చోట నుంచి మొలకలను మట్టితో సహా పెళ్లగించి ఆ నలభై అడుగులూ చేత్తో నాటుతారు.

"వచ్చేసాలి నువ్వు గుంజు, నేను సూత్త" అంటాడాయన.

"అప్పుడు రెండు వరుసలు పోతయ్" అంటుందామె, తలెత్తకుండానే.